భయపడే కుక్కపిల్లకు ఇంటి అలవాట్లు నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లు అడిగే సందేహాలు ఏటా అవే. కరీంనగర్, మంచిర్యాల నుంచి ఫోను చేసేవాళ్లవీ దాదాపు అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. హుషారుగా తిరిగే పిల్లకు మామూలు శిక్షణ సరిపోతుంది. మంచం కింద నక్కే పిల్లకు, చెయ్యెత్తితే వణికే పిల్లకు అది సరిపోదు. బెదిరిన పిల్ల ఒక చోట నిశ్చింతగా మూత్రం పోయాలంటే, అక్కడ తనకేమీ కాదని ముందు నమ్మాలి. ఈ జవాబులన్నిటికీ ఆధారం అదే.

## తెచ్చుకునే ముందు, తెచ్చిన రోజు

నెల పిల్ల అయితే త్వరగా మచ్చికవుతుందని అమ్మేవాళ్లు అంటున్నారు. తెచ్చుకోవచ్చా?

వద్దు. ఎనిమిది వారాలు నిండాలి. కుక్కల పెంపకం, అమ్మకంపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం అంతకన్నా చిన్న పిల్లను అమ్మకూడదు. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య గడిపే ఆ వారాల్లోనే పిల్ల తాను పడుకునే చోటికి దూరంగా వెళ్లి విసర్జించడం మొదలుపెడుతుంది. మరీ ముందుగా విడదీసిన పిల్లల్లో బెదురు ఎక్కువగా కనిపిస్తుంది. మీకు పిల్ల నచ్చితే, ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచమని అడగండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే మరోచోట చూసుకోండి.

వీధిలో దొరికిన పిల్ల. దీనికి ఇల్లంటేనే తెలియదు. నేర్చుకుంటుందా?

తప్పకుండా నేర్చుకుంటుంది. ఒక విషయంలో దానికి అనుకూలత కూడా ఉంది. కాళ్ల కింద ఏ నేల తగిలితే మూత్రం పోయాలన్న అలవాటు కుక్కపిల్లలకు ఏడు నుంచి తొమ్మిది వారాల వయసులో స్థిరపడుతుంది. వీధి పిల్లకు మట్టి, గడ్డి అలవాటై ఉంటాయి కాబట్టి మట్టి చూపిస్తే చాలు. ఇరుకు బోనులో తన మలంలోనే పడుకోవలసి వచ్చిన పిల్లలకు నేర్పడం దీనికన్నా కష్టం. వాటికి శుభ్రమైన చోటు, మురికి చోటు అన్న తేడా చెరిగిపోయి ఉంటుంది. వాటి విషయంలో ఇంకొంచెం ఓపిక పట్టండి.

ఇంటికి తేగానే మొదట ఏం చేయాలి?

గుమ్మం దాటించకముందే, రోజూ ఎక్కడ మూత్రం పోయించాలనుకుంటున్నారో అక్కడ దించండి. అది పోసేదాకా మౌనంగా కూర్చోండి. తర్వాత ఒకే ఒక గదిలోకి తీసుకెళ్లండి. ఇల్లంతా చూపించకండి. మూల చూసి ఒక పాత దుప్పటి, పక్కన నీళ్ల గిన్నె పెట్టండి.

మన ఊళ్లలో కుక్కపిల్ల వచ్చిందంటే వాడకట్టు పిల్లలంతా చూడడానికి వస్తారు. ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటారు. ప్రేమతోనే చేస్తారు గానీ, తల్లిని వదిలి వచ్చిన రోజున అది ఆ పిల్లకు భరించలేని విషయం. మూడు నాలుగు రోజులాగి రమ్మని నచ్చజెప్పండి. ఆ మూడు నాలుగు రోజులు పిల్ల తనంతట తాను మీ దగ్గరికి వస్తే నిమరండి, రాకపోతే వదిలేయండి.

మాది మూడో అంతస్తు ఫ్లాటు, వాకిలి లేదు. రోడ్డు మీదికి తీసుకెళ్లాలా?

టీకాలు పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే చోట దించకండి. కుక్కలకు వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది, చిన్న కుక్కపిల్లల ప్రాణాలు తీస్తుంది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల దాకా సాగుతాయి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు.

అప్పటిదాకా బాల్కనీలోనో డాబా మీదో వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే పెట్టి మట్టి నింపండి. నర్సరీల్లో దొరికే పచ్చిగడ్డి పలక పరిస్తే ఇంకా మంచిది. రేపు బయట నేల మీద పోయవలసిన పిల్లకు ఇప్పటినుంచే మట్టిని అలవాటు చేయడం న్యాయం. వార్తాపత్రికలు పరిస్తే అప్పటికి పని జరుగుతుంది గానీ, తర్వాత నేల మీద పడిన ప్రతి పేపరూ దానికి మూత్రపు చోటుగానే కనిపిస్తుంది.

## మొదటి వారాలు

ఎన్ని గంటలకోసారి బయటికి తీసుకెళ్లాలి?

గడియారం కన్నా పిల్ల చేసే పనులను బట్టి వెళ్లండి. నిద్ర లేవగానే, తిన్న పది ఇరవై నిమిషాల్లో, ఆట ఆపగానే, ఎవరైనా వచ్చి సందడి జరిగాక తప్పకుండా తీసుకెళ్లాలి. ఇవిగాక, రెండు నెలల పిల్లను పగటిపూట గంటకోసారి తీసుకెళ్లండి. ఎన్ని నెలల వయసో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క చెబుతారు. అది గరిష్ఠం. అంతసేపు ఆపించమని దాని అర్థం కాదు. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగినా, ఆట మధ్యలో ఉన్నట్టుండి గుమ్మం వైపు నడిచినా వెంటనే లేవండి.

చక్కగా బయట పోసినప్పుడు ఎలా మెచ్చుకోవాలి?

చప్పట్లు కొట్టి, గట్టిగా శభాష్ అంటే బెదురు పిల్ల ఉలిక్కిపడుతుంది. మూత్రం పోస్తే పెద్ద చప్పుడవుతుందని గుర్తుపెట్టుకుంటుంది. పోయడం పూర్తిగా అయ్యేదాకా కదలకండి. అవగానే, అక్కడే, ఒకటి రెండు క్షణాల్లో, ఉప్పూ కారమూ వేయకుండా ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి వేలి గోరంత ఇచ్చి మెల్లగా ఒక మాట అనండి. వంటింట్లోకి వచ్చాక ఇస్తే ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. అందుకే ఆ ముక్కలను చిన్న డబ్బాలో వేసి జేబులో ఉంచుకోండి.

మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో మాట అంటున్నారు. పర్వాలేదా?

పర్వాలేదు అనలేను. సుసు అన్నా, బయటికి అన్నా, ఏదైనా సరే ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. మొదట్లో అది పోస్తున్నప్పుడు మాత్రమే ఆ మాట మెల్లగా పలకండి. కొన్ని వారాలకు ఆ మాట వినగానే దానికి పని గుర్తొస్తుంది.

పాలన్నం పెడుతున్నాం. రోజుకు ఐదారుసార్లు పలచగా వెళ్తోంది. ఇలాగైతే ఎలా నేర్పాలి?

ముందు పాలు మానండి. తల్లిపాలు మరిచిన చాలా పిల్లలకు ఆవుపాలు, గేదెపాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. కడుపు వదులుగా ఉన్న పిల్ల ఆపుకోవాలనుకున్నా ఆపుకోలేదు, దానికి శిక్షణ ఇచ్చి లాభం లేదు. నాలుగు నెలల దాకా రోజుకు మూడు నాలుగుసార్లు ఒకే వేళకు తిండి పెట్టి, పావుగంట తర్వాత గిన్నె తీసేయండి. వేళకు తిన్న పిల్ల వేళకు వెళ్తుంది. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఉల్లి, వెల్లుల్లి, కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషంతో సమానం. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిదేముంది! కూర కలిపిన అన్నం పెట్టకపోవడమే క్షేమం.

ఇంట్లో పోసేస్తే ముక్కు దానికి రాసి, ఒక దెబ్బ వేయమని పక్కింటివాళ్లు చెబుతున్నారు. వేయాలా?

దయచేసి వద్దు. ఈ ఒక్క అలవాటు వల్ల చెడిపోయినన్ని పిల్లలు మరే కారణం వల్లా చెడిపోవు.

ఎందుకో చెబుతాను. మీరు చూసేసరికి అది పోసి కొద్దిసేపయి ఉంటుంది. ఆ మడుగుకూ ఈ దెబ్బకూ ఉన్న సంబంధం కుక్కపిల్లకు అందదు. దానికి అందేది ఒక్కటే: మడుగూ మనిషీ ఒకచోట ఉంటే ప్రమాదం. అప్పటినుంచి అది మీ కంటపడకుండా సోఫా వెనక, మంచం కింద, బీరువా పక్క సందులో పోస్తుంది. కొన్ని పిల్లలు సాక్ష్యం లేకుండా చేయడానికా అన్నట్టు మలం తినేస్తాయి కూడా. అన్నిటికన్నా పెద్ద నష్టం ఏమిటంటే, బయట మీరు తాడు పట్టుకొని పక్కన నిలబడి ఉండగా అది పోయనే పోయదు. మీ ఎదుట పోస్తే దెబ్బ పడుతుందని మీరే నేర్పారు.

మీ కళ్లముందే మొదలుపెడితే మెల్లగా ఎత్తుకొని బయటికి తీసుకెళ్లండి, మిగతాది అక్కడ పోస్తే ముక్క ఇవ్వండి. పోసేసిన తర్వాత చూస్తే మాట్లాడకుండా తుడిచేయండి. పనులు చేసుకునేటప్పుడు దాని తాడు చివర మీ నడుముకు కట్టుకుంటే అది కంటికి దూరం కాదు. సగం పొరపాట్లు అలాగే ఆగిపోతాయి.

బోనులో పెట్టడం క్రూరం కాదా?

తలుపు మూసి గంటలకొద్దీ వదిలేస్తే క్రూరమే. తలుపు తెరిచి, మెత్తటి గుడ్డ వేసి, పైన దుప్పటి కప్పి, లోపల తిండి పెడుతూ అలవాటు చేస్తే బెదురు పిల్లకు అది తలదాచుకునే చోటవుతుంది. పడుకున్న చోటును పాడుచేసుకోవడం కుక్కలకు ఇష్టముండదు కాబట్టి ఆపుకోవడమూ అలవాటవుతుంది. అందుకే బోను అది లేచి, తిరిగి, కాళ్లు చాపి పడుకునేంతే ఉండాలి. మరీ పెద్దదైతే ఒక మూల పడక, ఒక మూల మరుగుదొడ్డి చేసుకుంటుంది. కొనలేకపోతే పెద్ద అట్టపెట్టెకు ఒక వైపు కోసి పెట్టినా చాలు. శిక్షగా మాత్రం ఎప్పుడూ అందులోకి నెట్టకండి.

## భయం అడ్డుపడినప్పుడు

అరగంట బయట నిలబడినా పోయదు, లోపలికి రాగానే పోస్తుంది. ఇది మొండితనమా?

కాదు. అందరూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది, ఎక్కువగా అపార్థం చేసుకునేదీ ఇదే. మూత్రం పోసేటప్పుడు జంతువు కదలకుండా ఒకచోట ఉండిపోవాలి, పారిపోలేదు. ఆటోలు, హారన్లు, కొత్త మనుషులు ఉన్నచోట బెదిరిన పిల్ల అంత సాహసం చేయదు. చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల మధ్య పెట్టుకొని, మూతి నాకుకుంటూ అన్ని దిక్కులూ చూస్తుంటుంది. ఇంట్లోకి వచ్చాక గుండె కుదుటపడుతుంది, అప్పుడు పట్టు వదులుతుంది. అంటే మీ ఇల్లు దానికి క్షేమమైన చోటు అయిందన్నమాట. ఆ నమ్మకాన్ని బయటి నేలకూ అలవాటు చేయాలి.

గోడ వారగా, వీధికి దూరంగా ఒకే చోటు ఎంచుకోండి. తెల్లవారుజామున పాలబండ్లు కూడా రాకముందు వెళ్లండి. తాడు వదులుగా పట్టుకొని, పక్కకు తిరిగి కూర్చోండి. దాని వైపు అదేపనిగా చూడకండి, పోయమని తొందరపెట్టకండి. ఇంట్లో తుడిచిన గుడ్డను ఆ చోట వేసి ఉంచితే తన వాసన తగిలి కొంత ధైర్యం వస్తుంది. పది నిమిషాల్లో పోయకపోతే లోపలికి తెచ్చి, ఒళ్లో పెట్టుకునో, తాడు పట్టుకునో పది పదిహేను నిమిషాలు ఉంచి మళ్లీ తీసుకెళ్లండి. ఆ మధ్య వేళలో దాన్ని ఇంట్లో స్వేచ్ఛగా వదలకపోవడమే కిటుకు. పోయగానే పరుగున లోపలికి తేకండి. కాసేపు అక్కడే వాసనలు చూడనివ్వండి.

మా నాన్నగారు పలకరిస్తే చాలు, నేలకు అతుక్కుపోయి మూత్రం వదిలేస్తుంది. ఆయనంటే ఎందుకంత కోపం?

కోపం కాదు. నేను చిన్నదాన్ని, నన్నేమీ అనకు అని కుక్కల భాషలో వేడుకోవడం అది. దాని వశంలో లేని పని కాబట్టి తిడితే ఇంకా పెరుగుతుంది. నాన్నగారిని ఇంట్లోకి రాగానే దాన్ని పట్టించుకోవద్దనండి. కొంతసేపయ్యాక కింద కూర్చొని, పక్కకు తిరిగి, అరచేతిలో తిండి పెట్టి చెయ్యి చాపమనండి. మీదికి వంగి తల నిమరడం మానేసి, గడ్డం కిందో ఛాతీ మీదో వేళ్లతో తాకితే చాలు. గొంతు పెద్దదైన మగవాళ్ల దగ్గర, చేతిలో కర్ర పట్టుకున్న పెద్దవాళ్ల దగ్గర ఇలా చేసే పిల్లలు చాలానే ఉంటాయి. ఎక్కువ పిల్లల్లో ఏడాది వయసు వచ్చేసరికి తగ్గిపోతుంది.

కాజీపేటలో పట్టాల పక్కనే ఉంటాం. రైలు కూత వినగానే మధ్యలో ఆపేసి పరుగెడుతుంది. ఏం చేయాలి?

చప్పుడు వచ్చిన ప్రతిసారీ, అది మూత్రం పోసినా పోయకపోయినా, వెంటనే ఒక ముక్క ఇవ్వండి. కూత వస్తే కోడిమాంసం వస్తుందని తెలిసేదాకా ఇదే. భయపడినప్పుడు తినిపిస్తే భయం అలవాటవుతుందేమోనని కొందరు జంకుతారు, అలా జరగదు. ఇంట్లో ఫోనులో రైలు చప్పుడు వినీ వినబడనంత మెల్లగా పెట్టి తినిపిస్తూ, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం పెంచవచ్చు. గోదావరిఖని, భూపాలపల్లి వైపు ఓపెన్‌కాస్ట్ (నేలను పైనుంచి తవ్వే) బొగ్గు గనుల దగ్గర ఉండేవాళ్లకు బ్లాస్టింగ్, అంటే పేలుళ్ల వేళ ముందే తెలుస్తుంది. దానికి కాస్త ముందుగానే బయటి పని ముగించుకోండి.

గేటు దగ్గర వీధికుక్కలు మొరుగుతుంటే మాది వణుకుతుంది. అలవాటు పడాలని గేటు దాకా తీసుకెళ్తున్నాం. సరైనదేనా?

బలవంతంగా దగ్గరికి లాక్కెళ్తే అలవాటు కాదు, భయం ముదురుతుంది. అది ఎంత దూరంలో ఉంటే తిండి తినగలుగుతుందో అంత దూరంలోనే ఉంచండి. ఇంటి వెనకవైపు చోటు ఉంటే ప్రస్తుతానికి అక్కడికే మార్చండి. మెడపట్టీ బదులు ఛాతీకి తొడిగే పట్టీ వాడితే, బెదిరి వెనక్కి గింజుకున్నా తల జారి రోడ్డు మీదికి పారిపోదు.

## రాత్రి వేళ

రాత్రంతా ఏడుస్తుంది. మూత్రం కోసమా, ఒంటరితనమా ఎలా తెలుస్తుంది?

మొదటి వారాల్లో రెండూ ఉంటాయి. దాని పడకను మీ మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేలా పెట్టండి. వేరే గదిలో వేసి తలుపు మూస్తే బెదురు పిల్లకు రాత్రి నరకమవుతుంది, భయానికే మూత్రం పోస్తుంది. పడుకునే ముందు ఒకసారి, మూడు గంటల తర్వాత అలారం పెట్టుకొని ఒకసారి, తెల్లవారగానే ఒకసారి తీసుకెళ్లండి. అర్ధరాత్రి వెళ్లినప్పుడు పెద్ద లైటు, మాటలు, ఆటలు వద్దు. పోసింది, వచ్చింది, పడుకుంది అన్నట్టు ఉండాలి. వారం వారం ఆ అలారాన్ని అరగంట చొప్పున ఆలస్యం చేస్తూ పోండి.

## ఇల్లు, ఇంట్లోవాళ్లు

ఫినాయిల్ పెట్టి కడిగినా మళ్లీ అదే మూల పోస్తోంది. ఎందుకు?

ఫినాయిల్ వాసన మన ముక్కును కప్పుతుంది, కుక్క ముక్కును కాదు. అదీగాక తడి ఫినాయిల్ కాళ్లకు అంటుకుని అది నాకితే హాని. మూత్రాన్ని ముందు పాత గుడ్డతో అద్ది తీసేసి, నీళ్లతో కడిగి, ఆపైన పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రవం పోసి పది పదిహేను నిమిషాలు వదిలేయండి. వాసనకు మూలమైన పదార్థాలను అది విడగొట్టేస్తుంది. వెనిగర్ నీళ్లు కూడా కొంత పనిచేస్తాయి గానీ, మీది తాండూరు, షాబాద్ బండల నేల అయితే వాడకండి. అవి సున్నపురాళ్లు, పులుపు తగిలితే మెరుపు పోయి మచ్చపడతాయి.

నానమ్మ పూజగది దగ్గర పోసిందని కుక్కను ఇంట్లోంచి పంపేయమంటోంది. ఎలా ఒప్పించాలి?

నానమ్మ బాధ న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. పూజగదికి, వంటింటికి అడ్డంగా చిన్న చెక్క గేటు పెట్టండి. పిల్లకు అలవాట్లు కుదిరేదాకా అటు వెళ్లే అవకాశమే ఉండకూడదు. తర్వాత, కుదిరితే, రోజూ ఒక పూట తిండి నానమ్మ చేతులతోనే గిన్నెలో వేయించండి. చేత్తో అన్నం పెట్టిన జీవిని వెళ్లగొట్టమనడం మన పెద్దవాళ్లకు చేతకాదు. వాకిట్లో ముగ్గు మీద పోస్తోందంటే, కళ్ళాపి చల్లకముందే దాన్ని దాని చోటికి తిప్పుకొని రండి.

ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పగలంతా ఒంటరిగా ఉంటే ఎలా?

మూడు నెలల లోపు పిల్లను ఎనిమిది గంటలు ఒంటరిగా వదిలి ఇంటి అలవాట్లు నేర్పడం కుదరదు. మధ్యాహ్నం ఒకసారైనా ఎవరో ఒకరు రావాలి: పక్కింటి పెద్దాయన, కాలేజీ నుంచి వచ్చే పిల్లలు, పనికి వచ్చే ఆవిడ. వచ్చేవాళ్లను పిల్లకు ముందే పరిచయం చేయండి. మీరు లేని వేళ ఒక గదిలో ఒక పక్క పడక, ఎదురు మూల మట్టి ట్రే ఉంచండి. ఎవరూ రాలేని పరిస్థితి అయితే కాస్త పెరిగిన కుక్కను తెచ్చుకోవడం మీకూ దానికీ మేలు.

## ఎండ, వాన, పండుగలు

మే నెలలో డాబా మీదికి అడుగు పెట్టడం లేదు. భయమా?

నేల కాలుతోందేమో చూడండి. మీ అరచేతి వెనక భాగాన్ని ఏడు క్షణాలు నేల మీద ఆనించలేకపోతే దాని కాళ్లూ ఆనలేవు. ఒక్కసారి కాలితే ఆ చోటంటేనే భయం పడుతుంది. పొద్దెక్కకముందు, పొద్దుగూకాక తీసుకెళ్లండి, మధ్యాహ్నాలకు నీడలో తడిపిన మట్టి ట్రే పెట్టండి. మూత్రం తగ్గుతుందని నీళ్లు తగ్గించడం మాత్రం మన ఎండల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

వాన పడితే గుమ్మం దాటదు.

చాలా పిల్లలు అంతే. షెడ్డు కిందో చూరు కిందో కొంత నేల పొడిగా ఉంచండి, మీరూ వెంట వెళ్లి నిలబడండి. లోపలికి రాగానే కాళ్లు తుడవడం ఆటలా చేస్తే కొంత సులువవుతుంది.

వినాయక చవితి నుంచి దీపావళి దాకా మా వీధిలో చప్పుళ్లే. అప్పటిదాకా నేర్చుకున్నదంతా పోతుందా?

కొంత వెనక్కి వెళ్లవచ్చు, దానికి సిద్ధపడండి. నిమజ్జనం డప్పులు, బతుకమ్మ రాత్రుల డీజేలు, దసరా నాడు వరంగల్ ఉర్సు గుట్ట వైపు రావణవధ బాణసంచా, ఆ వెంటనే దీపావళి టపాసులు, మన ప్రాంతంలో ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. హనుమకొండ పద్మాక్షి గుట్ట చుట్టుపక్కల ఉండేవాళ్లకు సద్దుల బతుకమ్మ నాడు జనం రద్దీ కూడా తోడవుతుంది.

ఆ రోజుల్లో చీకటి పడకముందే తిండి పెట్టి, బయట పని ముగించేయండి. చప్పుడు వేళ లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యానో టీవీనో పెట్టి, మట్టి ట్రే కూడా అక్కడే ఉంచండి. ఇంట్లో పోస్తే పోయనివ్వండి, ఆ రాత్రికి నియమాలు లేవు. అది మీ పక్కన చేరితే దగ్గరికి తీసుకోండి. మెడలో మీ ఫోను నంబరు రాసిన బిళ్ల తప్పక ఉండాలి, టపాసులకు బెదిరి పారిపోయే కుక్కలు ఎక్కువ. మరీ తల్లడిల్లే పిల్లకు ముందుగానే పశువైద్యుణ్ణి అడిగితే మందు రాసిస్తారు. మనుషుల మాత్రలు మీరే విరిచి వేయవద్దు.

## కొంత నేర్చుకున్నాక

ఎప్పటికి పూర్తిగా నేర్చుకుంటుంది?

మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలల వయసుకు చాలావరకు కుదురుతుంది. బెదురు పిల్లకు ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. నాలుగు వారాలు వరుసగా ఇంట్లో పోయకపోతే ఇంకో గది తెరవండి, ఇల్లంతా ఒకేసారి వద్దు.

బాగా నేర్చుకున్న మగపిల్ల ఎనిమిదో నెలలో తలుపులకూ సోఫాకూ కాలెత్తుతోంది. మరిచిపోయిందా?

మరవలేదు. ఈడుకు వచ్చి, తన గుర్తు వేస్తోంది. కొంచెం కొంచెం, నిలువుగా ఉన్నవాటి మీద పోయడమే దాని ఆనవాలు. ఆ చోట్లు ఎంజైమ్ ద్రవంతో శుభ్రం చేసి, మళ్లీ కొన్నాళ్లు కంటికి దూరం కాకుండా చూసుకోండి. సంతాన నిరోధక ఆపరేషన్ చేయిస్తే చాలా కుక్కల్లో తగ్గుతుంది. ఏ వయసులో చేయించాలో జాతిని బట్టి డాక్టరు చెబుతారు.

ఇది అలవాటు సమస్యా, జబ్బా అని ఎప్పుడు అనుమానించాలి?

మాటిమాటికీ కూర్చొని చుక్కలు చుక్కలుగా పోస్తుంటే, పోసేటప్పుడు ముక్కుతుంటే, మూత్రంలో రక్తం కనిపిస్తే, నిద్రలో తెలియకుండా కారుతుంటే, ఉన్నట్టుండి నీళ్లు ఎక్కువగా తాగుతుంటే అది శిక్షణ విషయం కాదు. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. వీలైతే ఉదయం మూత్రాన్ని శుభ్రమైన డబ్బాలో పట్టుకొని పశువైద్యశాలకు తీసుకెళ్లండి. మలంలో తెల్లటి పురుగులు కనిపించినా, పొట్ట ఉబ్బి ఉన్నా నట్టల మందు వేయించాలి.

వాంతులు, రక్తం కలిసిన నీళ్ల విరేచనాలు, తిండి ముట్టకపోవడం, లేవలేకపోవడం కలిసి కనిపిస్తే పార్వో అయి ఉండవచ్చు. తెల్లవారాక చూద్దామని ఆగకండి. ఆ గంటలోనే డాక్టరుకు ఫోను చేసి, లక్షణాలు చెప్పి బయలుదేరండి. ఆస్పత్రిలో మిగతా పిల్లలకు సోకకుండా దాన్ని నేల మీద దించకుండా ఎత్తుకొనే ఉండండి.